పానాల పెట్టె

2023 ఏప్రిల్ నెలలో మా పెద్దబ్బాయి టికెట్లు పంపగా మేమిద్దరం అమెరికా వెళ్ళి, టెక్సాస్ రాష్ట్రంలో డల్లాసు పట్టణం దగ్గర వాళ్ళింట్లో ఆరు నెలలు ఉన్నాము. ఆ దేశం వెళ్ళి వచ్చినవారు జలపాతాల గూర్చి, ఆకాశమంత మేడల గూర్చి చెబుతారు. మమ్మల్ని అడిగితే మేము చెప్పగలిగింది ఒక కారు షెడ్డు గూర్చి మాత్రమే. ఆ ఆరు నెలల్లో సగం రోజులు మేము దానిలోనే గడిపాము.

మా సంగతి కొంచెం చెప్పాలి. మాలో ఒకరు బస్సు డిపోలో 31 సంవత్సరాలు మెకానికుగా చేసి రిటైరైనవారు. మరొకరు మండల పరిషత్తు పాఠశాలలో పిల్లలకు లెక్కలు చెప్పిన టీచరమ్మ. ఇంజను సంగతి ఒకరికి తెలుసు, దాని ఖర్చు సంగతి మరొకరికి తెలుసు. ఇద్దరం కలిసి కూర్చుని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

వెళ్ళిన మరునాడే కోడలు మమ్మల్ని షెడ్డులోకి తీసుకువెళ్ళింది. "మామయ్యగారూ, మీ అబ్బాయి రెండేళ్ళ క్రితం ఏమి కొన్నాడో చూడండి" అని దుప్పటి లాగింది. రెండు సీట్లే ఉన్న చిన్న కారు. నేలకు అంటుకుపోయినట్టు ఉంది. పైకప్పు గుడ్డది. పేరు ఎం.జి.బి., తయారైన సంవత్సరం 1978. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే కొత్త ఎం.జి. కార్లను మీరు చూసే ఉంటారు. ఆ పేరు మొదట ఇంగ్లండులోని మోరిస్ గ్యారేజీలది. కంపెనీ చేతులు మారి మారి పేరు మాత్రం మిగిలింది. ఎం.జి.బి. కార్లు 1962 నుండి 1980 వరకు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో చాలా వాటిని అమెరికావారే కొన్నారు.

మాలో మెకానికు బానెట్టు ఎత్తి చూసి "ఇది అంబాసిడరు ఇంజను గదా!" అన్నారు. అబ్బాయి నమ్మలేదు. నిజమే, అదే వంశం. మన అంబాసిడరులో చాలా ఏళ్ళు ఉన్నది ఇంగ్లండువారి బి.ఎం.సి. ఇంజను, 1489 సి.సి.ది. ఎం.జి.బి.లో ఉన్నది అదే ఇంజనుకు పెద్దన్న, 1798 సి.సి.ది. డిపోలో చేరకముందు తెనాలిలో ఒక టాక్సీ షెడ్డులో అలాంటివి ఎన్ని విప్పి బిగించారో లెక్క లేదు. సముద్రాలు దాటి వెళ్ళిన చోట సొంత ఊరి మనిషి ఎదురైనట్లయింది.

అయితే ఆ మనిషి మంచం పట్టి ఉన్నాడు. రెండు సిలిండర్లలో కంప్రెషను లేదు. హెడ్డు పగిలింది. దానికితోడు ఆ దేశపు పొగ చట్టాల కోసం 1975 నుండి ఈ కారుకు రెండు కార్బొరేటర్లు తీసి ఒకటే పెట్టారట. మొదట్లో 95 హార్స్ పవరు ఇచ్చిన ఇంజను 62కు దిగిపోయింది. అందువలన అబ్బాయి దానిని తీసివేసి వేరే ఇంజను పెట్టాలని నిర్ణయించుకున్నాడు. వాళ్ళ రాష్ట్రంలో అంత పాత కారుకు పొగ పరీక్ష లేదు. కాలిఫోర్నియాలో అయితే 1976 తరువాతి కార్లకు ఉంది. అక్కడ ఈ ఆలోచనే చేయలేకపోయేవాడు.

ఆ రోజు వాడు రెంచి పట్టుకున్న తీరు మేమిద్దరం చూశాము. పట్టు మధ్యలో, బొటనవేలు తప్పు వైపు. నలభై నాలుగేళ్ళ మనిషి, మెకానికు కొడుకు. మేము ఏమీ అనలేదు. అనడానికి మాకు నోరు లేదు.

ఎందుకనగా వాడు తొమ్మిదవ తరగతిలో ఉన్నప్పుడు మా ఇంట్లో ఒక పానాల పెట్టె ఉండేది. సాయంత్రం అయితే చాలు, పుస్తకం మూసి ఆ పెట్టె ముందు కూర్చునేవాడు. పక్కింటివారి మోపెడ్ కార్బొరేటరు విప్పి తిరిగి బిగించాడు కూడా. పదవ తరగతికి వచ్చాక మేమిద్దరం కూడబలుక్కుని ఆ పెట్టెకు తాళం వేశాము. "ఈ నూనె చేతులు మాతోనే పోవాలి, నువ్వు చదువుకో" అన్నాము. వాడు ఎదురు చెప్పలేదు. చదివాడు. కంప్యూటరు ఉద్యోగం వచ్చింది. మేము సంతోషించాము. ఆ తాళం సంగతి మళ్ళీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

సరే, ఇంజను సంగతికి వస్తాము. కోడలు తొమ్మిది వేల డాలర్లకు ఒక్కటి కూడా మించకూడదన్నది. మాలో టీచరమ్మ ఒక నోటు పుస్తకం తీసి గీతలు గీసి వరుసలు కట్టింది. వాడి మనసులో ఉన్నది ఫోర్డు కంపెనీవారి ఐదు లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను. అది ఆ దేశంలో దొరకని ఊరు లేదు. 1987 నుండి 1992 వరకు మస్టాంగు కారులో 225 హార్స్ పవరు ఇచ్చినది. మాలో మెకానికు మాత్రం పాత ఇంజనుకే బోరు చేసి, కొత్త హెడ్డు వేసి, రెండు కార్బొరేటర్లు తిరిగి పెడదామన్నారు. తెలిసిన ఇంజను, తెలిసిన రోగం.

మాట మాట పెరిగింది. ఫోర్డు ఇంజను పూర్తిగా ఇనుముది, 200 కిలోలకు పైమాటే. ఈ కారులోని పాత ఇంజను అంత బరువు ఉండదు. ముందు భాగాన అదనంగా బరువు పడితే స్ప్రింగులు కుంగుతాయి, స్టీరింగు బరువెక్కుతుంది, మలుపులో ముక్కు తిరగనంటుంది. మీలో ట్రాక్టరు నడిపేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. వెనుక లోడు ఎక్కువైతే ముందు చక్రాలు లేస్తాయని ముందు బరువులు తగిలిస్తారు గదా. ఇక్కడ సంగతి దానికి తిరగబడినది. నిజానికి ఆ ఇంజనుకు అల్యూమినియం హెడ్లు వేసి బరువు తగ్గించి పెట్టుకున్నవారు ఆ దేశంలో చాలామంది ఉన్నారట, వాడు ఫోటోలు కూడా చూపించాడు. కానీ ఆ హెడ్ల ధర నోటు పుస్తకంలో వేసేసరికి వరుస క్రిందికి జారింది. చివరకు మాలో మెకానికు "నీకేం తెలుసురా ఇంజను గూర్చి?" అనేశారు.

తరువాత రెండు రోజులు తండ్రీ కొడుకులకు మాటలు లేవు. ఆ మాట అనడానికి లోకంలో అర్హత లేని మనిషి ఎవరైనా ఉంటే అది తామేనని అన్నవారికి తెలుసు. పక్కనే ఉండి విన్నవారికీ తెలుసు.

చిక్కు ముడి విప్పింది టీచరమ్మ అడిగిన ఒక ప్రశ్న. పాత ఇంజను చుట్టూ అంత ఖాళీ ఎందుకు వదిలారు? చెయ్యి కాదు, కావాలంటే పిల్లవాణ్ణి నిలబెట్టవచ్చు. అబ్బాయి చెప్పాడు. 1973 నుండి 1976 వరకు ఇదే కారు కప్పున్న రకంలో రోవరు కంపెనీవారి మూడున్నర లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టి ఇంగ్లండువారే అమ్మారు. మొత్తం 2,591 బండ్లు మాత్రమే. వాటి కోసం ఇంజను గదిలో చేసిన మార్పులు 1974 చివర నుండి వచ్చిన నల్ల రబ్బరు బంపర్ల కార్లన్నిటికీ ఉంచేశారు. మా వాడిదీ రబ్బరు బంపరు బండే. అంటే ఇల్లు కట్టినప్పుడే పెద్ద గుమ్మం పెట్టి ఉంచారన్నమాట.

ఆ ఇంజను కథ మాకు బాగా నచ్చింది. అది పుట్టింది అమెరికాలోనే. బ్యూక్ కార్ల కోసం పూర్తిగా అల్యూమినియంతో తయారుచేసి, 1961 నుండి 1963 వరకు మాత్రమే వాడి, ఖర్చు ఎక్కువని, తలనొప్పులు ఎక్కువని వదిలేశారు. 1965లో ఇంగ్లండు రోవరు కంపెనీ దాని హక్కులు కొనుక్కుని, కొంచెం కొంచెంగా పెంచుతూ ఇంచుమించు నలభై ఏళ్ళు తయారుచేసింది. బరువు 150 కిలోల దరిదాపులో ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇనుప ఇంజనూ ఇంచుమించు అంతే. సిలిండర్లు రెట్టింపు, బరువు మాత్రం పెరగదు. 1993లో పాత ఎం.జి.బి. రూపానికే మళ్ళీ ప్రాణం పోసి ఆర్.వి.8 అనే పేరుతో కొన్ని బండ్లు చేసినప్పుడు వాటిలో పెట్టింది దీని 3.9 లీటర్ల రకాన్నే.

మాలో మెకానికు ఆ రాత్రి వాడి పక్కన కూర్చుని "రేపు యార్డుకు వెళ్దాం" అన్నారు. క్షమాపణ అడగడం మా తరంలో తండ్రులకు ఇంతకన్నా బాగా రాదు.

పాత కార్ల యార్డులో 1991 నాటి ఒక రేంజ్ రోవరు ముందు భాగం దెబ్బతిని ఉంది. ఆయిల్ మూత తీసి లోపల వేలు పెట్టి చూశాము. మజ్జిగ లాంటి తెల్లని జిడ్డు ఉంటే నీళ్ళు ఆయిల్‌లో కలుస్తున్నట్టు. లేదు. ప్లగ్గులు తీసి, ముందున్న పుల్లీ బోల్టుకు పొడవాటి రెంచి వేసి చేత్తో తిప్పించారు. అబ్బాయే తిప్పాడు. ఒక చోట బిగుసుకోకుండా రెండు చుట్లు పూర్తిగా తిరిగింది. 650 డాలర్లకు ఇచ్చారు. పొంగిపోయి ఇంటికి తెచ్చాము.

అప్పుడు మొదలైంది అసలు ఖర్చు. ఇంజను మార్చడమంటే ఇంజను కొనడమే అనుకుంటారు. మేమూ మొదట అలాగే వరుస కట్టాము. విప్పి చూస్తే క్యామ్ షాఫ్టు అరిగి ఉంది. ఈ రకానికి అది మామూలేనట. క్యామ్, లిఫ్టర్లు, టైమింగు చైను, బేరింగులు, రింగులు, గాస్కెట్లు, లేతు పని కలిపి ఇంజను ధరకు మూడు రెట్లు దాటాయి. ఆ బండికి ఉన్నది ఆటోమేటిక్ గేరుబాక్సు, అది నాలుగు చక్రాలనూ తిప్పే రకానిది. ఈ చిన్న కారుకు పనికిరాదు. కనుక గేరుబాక్సు వేరే వెదకాలి, రెండిటినీ కలిపే హౌసింగు తెప్పించాలి, ఫ్లైవీలు కొనాలి.

గేరుబాక్సు దగ్గర మాలో టీచరమ్మకు పని దొరికింది. అబ్బాయి ఎంచుకున్నది టి5 అనే ఐదు గేర్ల రకం. పేరు ఒకటే గానీ లోపలి పళ్ళ లెక్కలు వేరు వేరు. షెవర్లే వారి ఒక చిన్న ట్రక్కుది చాలా చౌకగా వస్తోంది. దాని మొదటి గేరు 4.03. వెనుక ఇరుసులో క్రౌను, పినియను లెక్క 3.9. రెండూ హెచ్చిస్తే 15.7. కారు పుట్టినప్పటి లెక్క 3.44ను 3.9తో హెచ్చిస్తే 13.4. అంటే ట్రక్కు గేరుబాక్సు పెడితే బండి కదిలీ కదలకముందే రెండవ గేరు వేయాలి. మూటలు మోసే బండికి అది కావాలి, దీనికి వద్దు. మస్టాంగు కారు టి5లో మొదటి గేరు 3.35. హెచ్చిస్తే 13.1. పాతదానికి దగ్గరగా ఉంది. పైగా ఐదవ గేరు 0.68. గంటకు 60 మైళ్ళ వేగంలో పాత ఇంజను నిమిషానికి ఇంచుమించు 3,300 చుట్లు తిరిగేది, ఇప్పుడు 2,300 చాలు. కొంచెం ఎక్కువ పెట్టి దానినే కొన్నాము. ఇంజను నాన్న మాట, గేరుబాక్సు ఫోర్డువారిది గనుక కొడుకు మాట అని కోడలు నవ్వింది.

క్లచ్చి ప్లేటు ఆర్డరు చేసేటప్పుడు మాలో మెకానికు గేరుబాక్సు షాఫ్టు మీద పళ్ళు వేలితో లెక్కపెట్టారు. పది. షెవర్లే రకాలలో 14, 26 పళ్ళవి ఉన్నాయట. ప్లేటు బయటి కొలత ఫ్లైవీలుకు సరిపోవాలి, నడిమి పళ్ళు గేరుబాక్సుకు సరిపోవాలి. ఒక కొలత మాత్రమే చూసి కొని బాధపడేవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

ఇక్కడ ఒక సంగతి మేము పట్టుపట్టి చేయించాము. ఇంజను లేతుకు వెళ్ళక ముందే బ్రేకులు కొనిపించాము. ఇంగ్లండువారు ఆ 2,591 బండ్లకు కూడా ముందు చక్రాలకు మందమైన డిస్కులే వేశారు. డబ్బు అయిపోయే వేళకు మిగిలిపోయే వస్తువు బ్రేకే అవుతుంది. ఆ వరుసను పుస్తకంలో మొదటి గీతకు మార్చినందుకు మాలో టీచరమ్మ ఇప్పటికీ గర్వపడుతుంది.

ఎత్తు చూడడానికి ఖాళీ ఇంజనును ఒకసారి కారులోకి దించాము. పైన కార్బొరేటరు, గాలి ఫిల్టరు పెట్టి బానెట్టు మూస్తే తగులుతుందా లేదా? వంటింట్లో నుండి చపాతీ పిండి ముద్ద తెచ్చి ఫిల్టరు మూత మీద పెట్టి, బానెట్టు మెల్లగా మూసి, తీసి చూశాము. ముద్ద రూపాయి బిళ్ళ మందానికి నలిగింది. చాలదు. నడుస్తున్నప్పుడు ఇంజను ఊగుతుంది గదా. లోతు మూత ఉన్న ఫిల్టరు కొన్నాక ముద్ద వేలెడు మందం మిగిలింది. ముందు ఫ్యానుకు చోటు లేనందున రేడియేటరు ముందు రెండు కరెంటు ఫ్యాన్లు పెట్టాలి. సైలెన్సరు గొట్టం స్టీరింగు రాడ్డుకు తగలకూడదు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, అన్నీ వ్రాస్తే పుస్తకం అవుతుంది.

పన్నెండేళ్ళ మనవరాలు టార్చిలైటు పట్టుకుని నిలబడేది. బోల్టులు డీజిలులో కడిగేది. మోచేతుల దాకా నల్లగా చేసుకునేది. మరునాడు పరీక్ష ఉందని మాకు తెలుసు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము, అంతే.

ఒక సాయంత్రం వాల్వు స్ప్రింగులు బిగిస్తుండగా అబ్బాయి తల ఎత్తకుండానే అన్నాడు. "అమ్మా, ఆ పెట్టె తాళం చెవి బియ్యం డబ్బా క్రింద ఉండేది కదా."

మేమిద్దరం ఆగిపోయాము.

"నీకెలా తెలుసు?" అని అడిగింది మాలో ఒకరు.

"మొదటి వారమే తెలుసు. మీరు వద్దన్నారు కదా, తియ్యలేదు" అని తరువాతి స్ప్రింగు కోసం చెయ్యి చాచాడు. నాన్న దానిని అందించారు. వాడి బొటనవేలు పట్టుకుని రెంచి మీద సరైన వైపుకు మార్చారు.

అక్టోబరు మొదటి వారంలో నేల మీదనే ఇంజనుకు క్లచ్చి, హౌసింగు, గేరుబాక్సు బిగించాము. మేము బయలుదేరడానికి ఆరు రోజులు ఉంది. ఆ రాత్రి రెండు గంటలకు మాలో మెకానికు లేచి కూర్చున్నారు. పైలట్ బుష్షు పెట్టలేదు! గేరుబాక్సు షాఫ్టు కొన క్రాంక్ షాఫ్టు చివరి గుంటలో కూర్చునే చోట ఉండే వేలెడు ఇత్తడి గొట్టం. ఆటోమేటిక్ బండి ఇంజనుకు అది ఉండదు. డిపోలో వచ్చిన ప్రతి ఇంజనుకూ అది ముందే ఉండేది గనుక 31 సంవత్సరాల అనుభవమే మోసం చేసింది. అది లేకపోతే షాఫ్టు కొన ఆధారం లేక ఊగి, క్లచ్చి విడవదు, బేరింగు పోతుంది. పది డాలర్ల వస్తువు.

తెల్లవారాక చెప్పవలసి వచ్చింది. "ఒరేయ్, తప్పు చేశాను" అన్నారు. వాడు కాసేపు అర్థం కానట్టు చూశాడు. ఆ మాట వాడు మా ఇంట్లో మొదటిసారి విన్నాడు. తరువాత పెద్దగా నవ్వి, "పర్వాలేదు నాన్నా, విప్పడం నేర్చుకుంటాను" అన్నాడు. ఒక్కడే విప్పాడు. మేము కుర్చీలు వేసుకుని చూశాము.

బుష్షు వచ్చేలోగా మా ప్రయాణం రోజు వచ్చింది. నోటు పుస్తకం కోడలికి అప్పగించాము. ఆఖరి వస్తువు వరకు మొత్తం 9,850 డాలర్లు అయిందని తరువాత తెలిసింది. మాట తప్పిన 850కి కోడలు ఇంకా మాకు లెక్క అడుగుతూనే ఉంది. అంతటిలో యార్డులో ఇంజనుకు ఇచ్చింది పదిహేనింట ఒక వంతు.

2024 జనవరిలో ఒక ఉదయం ఫోను మోగింది. అక్కడ ముందు రోజు రాత్రి.

"నాన్నా, ఇంకా స్టార్టు చెయ్యలేదు. మీరు లైనులో ఉండాలని."

"ఆయిల్ పంపు విప్పి గేర్ల చుట్టూ వాజిలీను నింపావా?" అని అడిగారు. ఎండిపోయిన పంపు ఆయిల్ పీల్చుకోలేదు, ఆ ఇంజనుకు అలా చేయాలి.

"నింపాను. మీ మనవరాలే నింపింది."

తరువాత స్టార్టరు మూలిగింది, ఆగింది, మళ్ళీ మూలిగింది. మూడవసారి ఫోనులో ఏదో పగిలినట్లు శబ్దం. పాప అరుపు వినబడింది. మాలో టీచరమ్మ ఫోను చెవికి దూరంగా పెట్టింది.

"ప్రెషరు ఎంత?"

"నలభై."

"ఎక్కడైనా ఆయిల్ కారుతోందా?"

"కొంచెం, నాన్నా. వెనుక వైపు."

"కారనీ. మోరిస్ బండికి ఆయిల్ కారకపోతే లోపల లేదన్నమాట. క్రింద ఒక రేకు పెట్టు."